నిమిషం ముందు కొట్టే గడియారం

మొన్న టీవీలో లండన్ గడియార స్తంభం గంట వినగానే నా అరచేతులు చెమర్చాయి.

డెబ్భైల నాటికి తిరువూరులో మాకు మిగిలినవి పెంకుటిల్లు, గోడ గడియారం, తాతయ్య రేడియో. సాయంత్రం ఆరున్నరకు గడియారం ఒక గంట కొట్టేది. నిమిషం తరువాత రేడియోలో, బీబీసీ స్టేషన్‌లో, లండన్ గంట మోగేది.

"చూశావా, మనది కొట్టాకే వాడిది కొడుతుంది," అనేవారు తాతయ్య. నేను నమ్మాను.

ఒక మధ్యాహ్నం ఊగుతున్న లోలకాన్ని చేత్తో పట్టుకున్నాను. గడియారం ఆగిపోయింది.

"ఇంకేముంది చినబాబూ, లండన్‌ది కూడా ఆగిపోద్ది. తెల్లదొరలు జీపులో వచ్చి తాతగారిని పట్టుకుపోతారు," అని మా పాత పాలేరు నవ్వాడు.

సాయంత్రం దాకా వీధిలో వినిపించిన ప్రతి మోటారు చప్పుడుకీ గుమ్మం దాకా పరిగెత్తి చూశాను. ఆరున్నరకు తాతయ్య రేడియో ముందు నిటారుగా కూర్చున్నారు. మా గడియారం పలకలేదు. లండన్ గంట మాత్రం మోగింది. తాతయ్యను ఎవరూ తీసుకుపోరని ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన రేడియో కట్టేశారు. "వాడు తొందరపడ్డాడురా," అన్నారు.

ఆ గడియారాన్ని ఆయనే నిమిషం ముందుకు పెట్టి ఉంచేవారని పెద్దయ్యాక తెలిసింది. ఇప్పుడది నా గోడ మీద ఉంది. నేనూ నిమిషం ముందే ఉంచుతాను.