పాత్‌ఫైండర్ బ్యాడ్జీ నాకెలా వచ్చిందంటే...

మా చిన్నప్పుడు... నానక్‌రామ్‌గూడలో మనుషుల కంటే బండరాళ్లు ఎక్కువగా ఉన్న ఆ తొంభైల చివర్లో... ఓ శనివారం పొద్దున, ఖాకీ నిక్కర్లు, మెడలో స్కార్ఫులు వేసుకుని ఇద్దరు మహానుభావులు స్కూలు వెనక అటెన్షన్‌లో నిలబడి ఉన్నారు. ఒకడు యాదగిరి. రెండోవాణ్ని నేను.

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జ్ఞాపకాల పోస్టు కదా, తియ్యగా ఉంటుందనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు...

స్కౌట్స్‌లో ఎవరికి నచ్చిన బ్యాడ్జీ వాళ్లు ఎంచుకోవచ్చు. ముడులు, ప్రథమ చికిత్స, వంట... వంటలో మావాళ్లు ముగ్గురు ఉప్మాను సిమెంటుగా మార్చి గౌరవంగా తప్పుకున్నారు. మేమిద్దరం పాత్‌ఫైండర్ తీసుకున్నాం. స్కూలు వెనక ప్రాంతమంతా నడిచి, అడుగులు లెక్కపెట్టి, సొంతంగా మ్యాపు గీయాలి. ఆ మ్యాపు పట్టుకుని సారుకు దారి చూపించాలి. నెగ్గినవాడికి విశాఖపట్నంలో రాష్ట్ర క్యాంపు. మా స్కూలుకు ఇచ్చింది ఒక్కటే సీటు.

యాదగిరిది నానక్‌రామ్‌గూడే. సముద్రం చూడాలని వాడికి పిచ్చి.

"అరే ప్రసాద్, గండిపేట చెర్వుల అవతలి ఒడ్డు కనవడ్తది. సముద్రానికి అవతలి ఒడ్డే ఉండదంట గదరా! గది జర నా కండ్లతోని సూడాలె" అనేవాడు.

రెండు నెలలు... ఎండా లేదు, ఆదివారమూ లేదు... నడిచాడు. వంద అడుగులకో చింతగింజ జేబులో వేసుకుని, ఇంటికెళ్లి లెక్కపెట్టుకునేవాడు. ఏ రాయి దగ్గర మలుపు, ఏ సీతాఫలం పొద పక్కన బావి... అన్నీ చిన్న పెన్సిల్ ముక్కతో గీశాడు.

మరి నేను? మాది కడప నుంచి వచ్చి మదీనాగూడలో కిరాయికి దిగిన కుటుంబం. నాన్న ప్లాట్లు అమ్మేవారు. ఇంట్లో వెంచర్ బ్రోషర్లు కట్టలు కట్టలు. ఒకదాంట్లో సరిగ్గా మా స్కూలు వెనక ప్రాంతపు లేఔటే ఉంది. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి, బ్రోషర్ మీద పెట్టి గీతలు దించి, వాటిని డ్రాయింగ్ షీటు మీదకి ఎక్కించాను. గంట పని. అరవై అడుగుల రోడ్డు, పిల్లల పార్కు, క్లబ్ హౌస్... నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు. స్కౌటు నమ్మదగినవాడు అని వారం వారం ప్రమాణం చేసిన చెయ్యే... గీత ఎక్కడా వణకలేదు.

పరీక్షలో ముందు యాదగిరి వంతు. మా స్కౌట్ సారు భీమవరం వైపు మనిషి. గొడుగేసుకుని వెనకే నడిచారు.

"సార్, గీడికెల్లి మూడు వందల అడుగులు. ఏనుగు గుండు వస్తది. ఆడ ఎడమకు మలిగితే బావి."

ఏనుగు గుండు అంటే ఏనుగంత బండరాయి. మూడు వందల అడుగులు అయ్యాయి. రాయి లేదు. కంకర కుప్ప ఉంది. ఆ వారంలోనే ఎవరో కంకర కోసం మందు పెట్టి పేల్చేశారు.

యాదగిరి ఆ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "సార్... మొన్న ఐతారం గూడ ఉండె సార్! గంత గుండు ఏడికి వోతది?"

"నన్నడుగుతావేంట్రా? మ్యాపులో ఉన్నది నేల మీద లేదు. అంటే మ్యాపు తప్పు."

"గుండు లేకుంటేంది సార్, తొవ్వ నాకెర్కే. కండ్లు మూసుకొని తీస్కవోత, రాండ్రి."

"కళ్లు మూసుకుని నడిచేవాడికి బ్యాడ్జీ ఎందుకురా?" అని సారు నవ్వారు. ఆయన జోకుకు ఆయనే. ఎర్రసిరాతో పెద్ద ఇంటూ కొట్టారు.

తర్వాత నా వంతు. "ఏదీ, ఈ పార్కు చూపించు" అన్నారు.

తీసుకెళ్లాను. తుమ్మచెట్లు. మూడు మేకలు.

"పార్కేదిరా?"

"ఇదే సార్... వస్తుంది సార్."

సారు మ్యాపు చూశారు. మేకల్ని చూశారు. నన్ను చూశారు. "ఇది మీ నాన్నగారి వెంచరేనా?"

"ఔను సార్."

"తూర్పు ముఖం ప్లాట్లు ఏమన్నా మిగిలాయేంట్రా?"

"నాయన్ను అడిగి చెప్తా సార్."

"శభాష్! స్కౌటంటే ఇదిగో, ఇలా ముందుచూపు ఉండాలి."

పాస్! ఉన్న రాయిని గీసినవాడు ఫెయిల్. లేని పార్కును గీసినవాడు పాస్. మేకలు కూడా మేత ఆపి చూశాయి...

సోమవారం యాదగిరి కొత్త మ్యాపుతో వచ్చాడు. గుండు కొట్టేసి, కంకర కుప్ప అని రాసి, అడుగులు మళ్లీ కొలిచి... "సార్, సరి జేసిన. ఒక్కసారి సూడుండ్రి."

సారు చేతిలోకి కూడా తీసుకోలేదు. "పేరు పంపేశానురా. వచ్చే ఏడాది చూద్దాంలే."

వచ్చే ఏడాదికి వాడు పదో తరగతి దాటిపోతాడు. ఆ సంగతి సారుకూ తెలుసు.

నేను పక్కనే ఉన్నాను. 'సార్, నాది బ్రోషర్ చూసి దించింది' అంటే చాలు. అనకుండా పుస్తకాల సంచి భుజాన వేసుకున్నాను. బయటికొచ్చాక యాదగిరి నన్ను ఆపాడు.

"అరవై ఫీట్ల రోడ్డు ఏడుందిరా ప్రసాద్? జర నాకు గూడ సూపియ్యి... నడుస్త."

అంతే. మళ్లీ ఏ శనివారమూ వాడు స్కౌట్స్‌కు రాలేదు.

నేను విశాఖ వెళ్లాను. ఐదు రోజులూ సిగ్గుతో సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నానని రాస్తే ఈ పోస్టుకు లైకులు బాగా వస్తాయి. కానీ అబద్ధం. కెరటాల్లో దూకి కేరింతలు కొట్టాను. సారు మీద కోపం ఎప్పుడో సగం చల్లారింది... ఆ కేరింతలు కొట్టినవాడి మీదే రోజురోజుకూ పెరుగుతోంది.

ఇప్పుడు అటు వెళ్తే టవర్లు, షేర్ ఆటోలు. నాన్న బ్రోషర్‌లో గీసిన దానికంటే పెద్ద రోడ్లే వచ్చాయి. ఆ నేలను అడుగు అడుగునా కొలిచిన మనిషి ఎక్కడున్నాడో మాత్రం నాకు తెలియదు...

మీ ఇంట్లోనూ, న్యాయంగా ఇంకొకరికి రావలసిన బహుమతి ఏదైనా అద్దాల బీరువాలో మెరుస్తోందా? కింద రాయండి. సిగ్గు సంగతి నేను చూసుకుంటాను, మొదలుపెట్టింది నేనే కదా...

యాదగిరీ, ఇది నీ కంట పడితే తిట్టరా. పేరు పెట్టి, అందరి ముందూ తిట్టు. ఆ కామెంటు డిలీట్ చెయ్యను... అన్నిటికంటే పైన పెడతాను.