జీడిపప్పు షెడ్డులో నా వేషం

ఆ రోజుల్లో మా టెక్కలి మొత్తానికి నాటకం చదువుకునేదాన్ని నేనొక్కదాన్నే. ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే "డిగ్రీ" అని అంతటితో ఆపేసేదాన్ని. ఏ డిగ్రీయో చెబితే ఎదుటివాళ్ల ముఖంలో జాలి కనిపించేది (ఆ జాలిని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది). మొదటి ఏడాదంతా విశాఖలో ఊపిరి పీల్చడం, నేల మీద దొర్లడం నేర్పారు. సెలవుల్లో ఇంటికొచ్చి హాల్లో దొర్లి చూపిస్తే మా నాన్న కాసేపు చూసి, "ఇదేనేటి సదువు? రెండో ఏడు గానీ తప్పినావంటే సామాను సర్దీసుకొని వొచ్చీ. బ్యాంకు కోచింగులో ఏసెత్తాను" అని తేల్చేశారు. నాకు లెక్కలంటే చిన్నప్పటినుంచీ వణుకు. కాబట్టి ఆ రెండో ఏడు నాకు చావుబతుకుల సమస్య అయి కూర్చుంది.

ఆ ఏడాది చివర మాకో ప్రాక్టికల్. పనిచేసుకునే ఒక మనిషిని పదిహేను రోజులు దగ్గరుండి చూసి, ఆ తరవాత పది నిమిషాలు ఆ మనిషై చూపించాలి. మా మాస్టారు పెట్టిన మెలిక ఏమిటంటే, ఆ మనిషి స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. "అవును, ఇది నేనే" అంటేనే పాసు. క్లాసంతా బెదిరిపోయింది గానీ నేను లోలోపల నవ్వుకున్నాను. నాకు పలాసలో మేనత్త ఉంది. జీడిపప్పు షెడ్డులో ఇరవై ఏళ్లుగా పొట్టు తీస్తోంది. సొంత అత్త కోడల్ని ఫెయిల్ చేస్తుందా?

షెడ్డులో ఓ మూల బస్తా మీద కూర్చుని పదిహేను రోజులూ నోటుబుక్కు నింపాను. వేడి, దుమ్ము, వంగిన నడుములు. చూసినప్పుడల్లా నా గుండె తరుక్కుపోయేది, అది కూడా రాసుకున్నాను. అక్కడి ఆడవాళ్లు చిన్న కత్తులతో పొట్టు తీస్తూనే మేస్త్రీ వేషం, బస్తాలు తూచే ఆయన వేషం, వచ్చేపోయే అందరి వేషాలూ వేసేవారు. లేవడానికి వీల్లేదు, చేతులు ఖాళీగా ఉండవు, కనుక కనుబొమ్మలూ మూతీ మెడా, అంతే వాళ్ల సరుకు. వరసలకి వరసలు పగలబడి నవ్వేవి. అవి నా నాటకానికి పనికిరావనుకుని నేను రాసుకోలేదు (అవును, నాటకం చదువుతున్న మనిషినే).

పరీక్షనాడు అత్త పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుని, ఇద్దరు తోటివాళ్లని వెంటబెట్టుకుని, పొద్దున్న బండికే విశాఖలో దిగింది. నేను రెచ్చిపోయాను. వంగాను, దగ్గాను, నుదురు తుడుచుకున్నాను, కత్తి వదిలేసి ఆకాశంలోకి చూశాను, ఆఖర్న కుప్పకూలిపోయాను. క్లాసులో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమ్మా, ఇది మీరేనా?" అని అత్తని అడిగారు.

"నాను కాను బాబూ" అంది అత్త. "ఇదెవుర్తో ఏడుపుగొట్టుది. ఇలాటిది మా సెడ్డులో ఒక్క పూట ఉండనేదు."

"అత్తా, ఏటలాగంతన్నావు?" అని ఎలాగో అన్నాను.

"మరేటనమంతావే? పని మద్దిలో కత్తొగ్గీసి ఆకాశం సూత్తే పప్పెవుడు తీత్తాడు? పదేను రోజులు కూకున్నావు, మేం నవ్వడం నీకు కనబడనేదేటి? నువ్వు మమ్మల్ని సూసినప్పుడల్లా మేమూ నిన్ను సూసినాం. ఇదిగో, సూడు."

కుర్చీలోంచి లేవకుండానే, లేని కత్తితో లేని పప్పుకి చకచకా పొట్టు తీస్తూ, అత్త ముఖం మాత్రం మార్చింది. తల కాస్త పక్కకి వాలింది. కనుబొమ్మలు మధ్యలో పైకి లేచాయి. ఓ నిట్టూర్పు. చేతులు ఖాళీ లేవు కనుక గడ్డంతోనే గాలిలో రెండు ముక్కలు రాసుకుంది. మళ్లీ నిట్టూర్పు. అది నేనే. నా చదువు సంగతి విని నన్ను చూసేవాళ్ల ముఖాల్లో ఏ జాలి నాకు ఒళ్లు మండించేదో, అదే జాలి నా ముఖం మీద! క్లాసంతా బల్లలు చరిచింది. మాస్టారు పొట్ట పట్టుకున్నారు. నేను సిగ్గుతో నిలువునా చచ్చిపోయాను, కళ్లముందు బ్యాంకు కోచింగు బోర్డు కూడా కనబడింది.

"అయితే ఫెయిలే" అన్నారు మాస్టారు.

"అలాగెలాగ బాబూ, నా కోడలు గదా. పది రోజులు నాకొగ్గీయండి. కూకోబెట్టి పని సేయించి అంపుతాను" అంది అత్త.

ఆ పది రోజులూ నా చేతికి కత్తే. నోటుబుక్కు అత్త లాక్కుంది. మొదటిరోజు నేను విరగ్గొట్టిన పప్పు చూసి మేస్త్రీ ఏమన్నాడో ఇక్కడ రాయలేను గానీ, నాలుగో రోజుకి ఆయన వేషం నాకు వచ్చేసింది, షెడ్డంతా నవ్వింది. రెండోసారి పరీక్షలో నేను కూర్చున్నచోటునుంచి లేవలేదు. "ఇది నానే" అంది అత్త, కొంచెం బెట్టు చేసి.

తరవాత చాలా వేషాలు వేశాను, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. అత్త పని మానేసింది. మొన్న పలాస వెళ్లినప్పుడు ఊరికే షెడ్డులోకి తొంగిచూశాను, అన్నీ కొత్త ముఖాలే. ఒకామె తన ఇంటి కష్టమేదో చెప్పుకుంటుంటే, పక్కనున్న అమ్మాయి తల వాల్చి, కనుబొమ్మలు లేపి, నిట్టూర్చి, గడ్డంతో గాలిలో రాసింది. వరసంతా ఘొల్లుమంది. "ఎవరే అది?" అని అడిగాను.

"మాకు తెల్దమ్మా. ఎప్పుడో ఒకర్తి వొచ్చినాదట. మా పెద్దోలు సూపించినారు, మేం ఏత్తన్నాం."

నా వేషాలన్నిటిలో ఇంతకాలం ఆడింది అదొక్కటే. "భలే చేశావమ్మా" అని నిట్టూర్చాను. నా తల పక్కకి వాలిందని నాకు తెలియనే లేదు. ఆ పిల్ల నన్నే చూస్తూ, చేతిలో కత్తి ఆపేసింది.