బెంచీ మీద పద్దెనిమిది మ్యాచ్‌లు

పెదపాడు దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో ఆనంద్ పాల్ ఐసు కొడతాడు, ట్రేలు లారీ మీదికి అందిస్తాడు. ట్రే జారిందంటే మిగతా అందరం పక్కకి దూకుతాం. అతను ఒక్కడే కిందికి వెళ్లి పట్టుకుంటాడు. కొత్త డ్రైవరెవరైనా నోరు తెరిచి చూస్తే, "గోల్‌కీపరండీ, ఐ-లీగుకి వెళ్లొచ్చాడు" అని చెప్తాం. డ్రైవరు వెంటనే అడిగేది ఒకటే.

"ఎన్ని మ్యాచ్‌లు ఆడావేంటి?"

ఒక్కటీ లేదు. ఆ మాట చెప్పడానికి అతనికిప్పుడు సిగ్గూ లేదు, విసుగూ లేదు. తల అడ్డంగా ఊపి ఇంకో ట్రే అందుకుంటాడు.

తాడేపల్లిగూడెంలో ఒక టోర్నమెంటులో అతన్ని ఎవరో చూసి సెలక్షన్‌కి పిలిచారు. రెండువేల ఏడు చివర్లో ఐ-లీగ్ ఫుట్‌బాల్ పోటీల మొదటి సీజను. గోవా జట్టొకటి రెండో గోల్‌కీపరుగా తీసుకుంది. మొదటి కీపరు తొంబా, మణిపూర్ వాడు. ఇద్దరిదీ ఒకటే గది. జట్టుకి పద్దెనిమిది మ్యాచ్‌లు. అందులో ఒక్కటి ఆడితే చాలు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి జట్టు ఇచ్చే కాగితం పనికొస్తుందని కోచ్ చెప్పాడట. బెంచీ మీద కూర్చున్నవాడి కాగితం ఎవరూ చదవరు. అప్పటికి ఆనంద్ పాల్‌కి ఇరవై నాలుగు. ఇంకో ఏడాదైతే వయసు దాటిపోతుంది.

రెండో కీపరు పరిస్థితి ఏంటో ఆటగాళ్లకి తెలుసు. ముందువాడు పడిపోతే తప్ప వీడు లేవడు. మా చర్చివాళ్లకి అది తెలీదు.

మా చర్చిలో ప్రార్థనాంశాలు నల్లబల్ల మీద రాస్తారు. ఆ శీతాకాలమంతా మూడో అంశం "ఆనంద్ పాల్ మ్యాచ్ ఆడుటకు". వాళ్లమ్మ సలోమి అదే షెడ్డులో చేపలు ఏరేది. శుక్రవారం స్త్రీల కూడికలో ఆవిడ కళ్లు మూసుకుంటే, పెద్దావిడ యేసమ్మ గారు గొంతెత్తి ప్రార్థించేవారు. కొడుకు ఫోన్లో చెప్పే పేర్లన్నీ సలోమి ఆవిడకి చేరవేసేది. కాబట్టి ప్రార్థనలో పేరు కూడా వచ్చేసింది. "ప్రభువా, ఆ తొంబాని పక్కకి తప్పించి మా బిడ్డకి తోవ ఇవ్వండి."

పన్నెండో మ్యాచ్‌కి రెండు రోజుల ముందు, ప్రాక్టీసులో తొంబా కుడి చూపుడువేలు వెనక్కి మడతపడింది. ఎముక విరగలేదు గానీ వాచిపోయింది. జట్టు డాక్టరు బిగించి ప్లాస్టరు వేశాడు. ఆ వేలు వంగదు, వంగకపోతే బంతి నిలవదు. కోచ్ వచ్చి ఆనంద్ పాల్‌తో "ఆదివారం రెడీగా ఉండు" అన్నాడు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"చూశావా నాన్నా, యేసమ్మ గారు పేరు పెట్టి మరీ అడిగారు" అంది సలోమి సంతోషంగా.

"ఏ పేరు?"

"ఆ పిల్లాడిదే. తొంబా."

"అమ్మా, అతను అన్నం కలుపుకోలేకపోతున్నాడు. నేనే పెడుతున్నాను. ఆ బల్ల మీద నా పేరు తుడిపించెయ్యి" అన్నాడట.

సలోమి తుడిపించింది. యేసమ్మ గారికి నచ్చలేదు. "మనమేం తప్పుగా అడిగామే సలోమీ? తప్పించమన్నాం గానీ వేలు విరవమన్నామా?"

"మరి ఎలా తప్పుకుంటాడనుకున్నారండీ?"



పేరు బల్ల మీద లేకపోయినా ఆదివారం మధ్యాహ్నం సలోమి ఇంట్లో టీవీ ముందు ఇరవై మందిమి చేరాం. అప్పుడు డిగ్రీ చదువుతున్న నేను గుమ్మంలో కూర్చున్నాను. జట్లు వరసగా బయటికి వచ్చాయి. కీపరు చొక్కాలో ఉన్నది తొంబా. ఆనంద్ పాల్ ఎప్పట్లాగే బెంచీ చివర, మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని.

"బల్ల తుడవకపోయినా బాగుండేది" అన్నారు యేసమ్మ గారు మెల్లిగా. సగం మంది లేచి వెళ్లిపోయారు.

ఆట మధ్యలో ఎవరో దెబ్బ తగిలి పడితే ఆపారు. తొంబా నీళ్లు తాగడానికి గ్లవ్ తీశాడు. టీవీలో అతని చెయ్యి దగ్గరగా కనిపించింది. చూపుడువేలికి ప్లాస్టరు లేదు. నల్ల రబ్బరు చుట్టి ఉంది.

మా షెడ్డులో చేప రెక్క ముళ్లు గుచ్చుకోకుండా అందరూ కట్టుకునే కట్టు అది. సైకిల్ ట్యూబుని సన్నగా కోసి వేలికి అడ్డంగా, మళ్లీ ఏటవాలుగా చుట్టి, చివరని గోరు పక్కన దోపుతారు. వేలికి ఆసరా ఉంటుంది, వంగుతుంది కూడా. సలోమికి రోజూ పొద్దున్నే ఆ కట్టు కట్టేది ఆనంద్ పాలే, బడికి వెళ్లే రోజుల్నుంచీ. కాకపోతే అందరూ చివరని కుడివైపు దోపుతారు, అతను ఎడమచేతివాటం కాబట్టి ఎడమకి దోపుతాడు.

తొంబా వేలి మీద చివర ఎడమవైపు ఉంది.

సలోమి టీవీ దగ్గరికి జరిగి కూర్చుంది. కెమెరా అప్పటికే ఇంకెక్కడికో వెళ్లిపోయింది. ఆవిడ తన వేళ్లు చూసుకుంది. కొడుకు వెళ్లినప్పట్నుంచీ ఆవిడే కట్టుకుంటోంది, వంకరగా.

"ఏవండీ, ఎంతయింది?" అంది నాతో. కొడుకు స్నేహితులందరినీ ఆవిడ అండీ అనే పిలుస్తుంది.

"ఇంకా ఎవరూ గోలు వెయ్యలేదండీ."

"తొంబా బాగా ఆడుతున్నాడా?"

"ఆడుతున్నాడండీ."

తొంబా ఆ మ్యాచే కాదు, మిగిలిన ఆరూ ఆడాడు. ఫిబ్రవరిలో ఆనంద్ పాల్ ఒక సంచీతో తిరిగొచ్చాడు. కాగితంలో "జట్టు సభ్యుడు" అని ఉంది. దాన్ని రెండు ఆఫీసులకి పంపాడు. ఒక్కదాన్నుంచీ ఉత్తరం రాలేదు. తర్వాత వయసు దాటింది.

నేను డిగ్రీ మానేసి అదే షెడ్డుకి వచ్చాక ఒకరోజు ఐసు కొడుతూ అడిగేశాను. "అన్నయ్యా, ఆ కట్టు కట్టకుండా ఊరుకోవాల్సింది కదా."

"అడిగాడురా. ఇలాంటి దెబ్బకి మీ ఊళ్లో ఏం చేస్తారని అడిగాడు."

"తెలీదని చెప్పొచ్చుగా."

సుత్తి కింద పెట్టాడు. "చెప్దామనే అనుకున్నాను. అప్పటికే చెయ్యి చాపేశాడు."

"పోనీ, వదులుగా కట్టొచ్చుగా."

"అది నాకు చేతకాదు" అని అవతలికి చూశాడు. సలోమి ట్యూబు ముక్క పట్టుకుని వస్తోంది, వేళ్లు చాపుకుని. చేతుల తడి ప్యాంటుకి తుడుచుకుని అటు నడిచాడు.