హన్నా ఆదివారాలు

హన్నా ఇల్లు గుణదలలో. బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. 2001లో చేరింది. నలభై కంప్యూటర్లకు ఆమె ఒక్కతే.

ప్రతి నెలా రెండో వారంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్లు పంపేది. వెయ్యకపోతే వైరస్‌లు జొరబడతాయి. తొందరపడి వేస్తే నడిచేవి ఆగిపోతాయి. అందుకే హన్నా ముందు ఒక పాత కంప్యూటర్ మీద వేసి, ల్యాబు రిపోర్టు వస్తోందా, మందుల బిల్లు వస్తోందా అని నాలుగు రోజులు చూసేది. డేటా అంతా కాపీ తీసి, ఓపీ లేని ఆదివారం పొద్దున్నే వచ్చి మిగతావాటికి వేసేది.

"ఆ మిషన్లకి ఆదివారమే రోగమొస్తుందా? చర్చిలో పూజకి రాక ఎన్నాళ్లయిందో," అని వాళ్లమ్మ మార్త సణిగేది.

ఆరేళ్లలో ఒక్క సోమవారం కూడా ఆసుపత్రిలో పని ఆగలేదు. ఆగలేదు కాబట్టి హన్నా ఏం చేస్తోందో ఎవరికీ పట్టలేదు.

2007 జూన్‌లో మేనేజరు సంజీవరావు ఆ పాత కంప్యూటర్ తీయించి రిసెప్షన్‌లో పెట్టించాడు.

"దాని మీద చూడకుండా వెయ్యలేనండి," అంది హన్నా.

"ఎల్లుండి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారమ్మా. అన్నీ అప్‌డేట్ అయ్యుండాలి. వేసెయ్."

"ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్."

"నా మాట చాలదా నీకు?"

వేసింది.

సోమవారం పొద్దున, రక్తం తీసే సీసాలకు అంటించే పేరు చీటీలు ప్రింట్ కాలేదు. చేత్తో రాద్దామంటే, ఇన్‌స్పెక్షన్ వాళ్లు చూస్తారని సంజీవరావు ఒప్పుకోలేదు. పరగడుపున వచ్చిన షుగర్ పేషెంట్లు వరండాలో నిలబడిపోయారు. కంకిపాడు నుంచి వచ్చిన ఒక పెద్దామె కళ్లు తిరిగి పడిపోయింది. నుదురు చిట్లి మూడు కుట్లు పడ్డాయి. పదిన్నరకి హన్నా ఆ అప్‌డేట్ తీసేసి చీటీలు వచ్చేలా చేసింది.

సాయంత్రం ఆమెకి మెమో ఇచ్చారు.

"మీరే కదండీ వెయ్యమన్నారు?" అని అడిగింది.

"నేనెప్పుడన్నానమ్మా?" అన్నాడు సంజీవరావు, తలెత్తకుండా.

ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. 'నా నిర్లక్ష్యం వల్ల' అని రాసి సంతకం పెట్టింది.

మర్నెల పాత కంప్యూటర్ కోసం మళ్లీ అర్జీ పెట్టింది. జవాబు రాలేదు. అప్‌డేట్లు వెయ్యలేదు. ఎవరూ అడగలేదు. ఆ పై నెలా అంతే.

జనవరిలో ఆసుపత్రి వార్షికోత్సవం. ఆరు నెలలుగా కంప్యూటర్లు ఒక్కరోజు కూడా ఆగలేదని సంజీవరావే ఆమెకి శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నలభైలో దేనికీ రక్షణ లేదని హాల్లో ఆమెకొక్కదానికే తెలుసు. చెప్పాలనిపించలేదు. అలా అనిపించకపోవడం చూసి తన మీద తనకే అసహ్యం వేసింది.

మార్చిలో మానేసి, మంగళగిరిలో ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరింది. వెళ్లే ముందు, ఏ మిషన్‌కి ఏ అప్‌డేట్ బాకీ ఉందో నాలుగు పేజీలు రాసిచ్చింది. సంజీవరావు చదవకుండానే ఫైల్లో పెట్టించాడు.