గంజి పోసిన గల్లీ

మా మేనత్తకు చిన్నప్పటి నుంచి ఒక కాలు పనిచేయదు. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద తెలుగు నేతగాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ పద్మనగర్‌లోని మా గల్లీ దాటి, మరమగ్గాలు ఆడే సాంచాల కార్ఖానాకు వెళ్లి కండెలు చుడుతుంది. వానలు మొదలయ్యాయంటే మా నల్లమట్టిలో ఆ బండి ఇరుసు దాకా దిగబడేది. ఇక దసరా దాకా ఆమె ఇంట్లోనే. ఒకసారి వీపు మీద మోసుకెళ్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "నన్ను సంచి లెక్క మొయ్యకు" అని మాత్రం అంది.

మొన్నటి ఎండాకాలం, గల్లీ సంగతి నేనే తేలుస్తానని నడుం కట్టాను. నాది సైజింగ్‌లో పని. నేతకు ముందు నూలుకు గంజి పట్టించి గట్టిపరుస్తాం. నూలును గట్టిపరిచే గంజి మట్టిని గట్టిపరచదా అనుకున్నాను. మిగిలిన గంజి డ్రమ్ములకొద్దీ తెచ్చి, మట్టి తవ్వి కలిపి తొక్కించాను. మర్నాటికి గల్లీ అప్పడంలా ఎండింది. కాలరెగరేసుకుని తిరిగాను. ఆ తర్వాత మేకలు వచ్చి బాటను నాకడం మొదలుపెట్టాయి. చిన్న జల్లు పడగానే పులిసిన కంపు, పైగా జారుడు. మొదట పడింది నేనే.

అత్త గడపలో కూర్చుని కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది. "ఏందిరా, బాటకు గంజి తాపితే బలమొస్తదనుకున్నవా?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి ఊరుకున్నాను.

పక్కనున్న పూర్ణలో గోదాములకు బాటలు వేసే తెలుగు మేస్త్రీ ఒకాయన వచ్చి చూశాడు. "నల్లమట్టి నీళ్లు తాగి ఉబ్బుతది. సున్నం, బొగ్గు బూడిద కలిపితేనే కుదురుకుంటది" అన్నాడు. ఉత్త మట్టితో ఒక ఉండ, అవి కలిపి ఇంకో ఉండ చేసి, కొన్నాళ్లు తడిగుడ్డ కింద ఉంచి, బకెట్ నీళ్లలో వేశాడు. మొదటిది కరిగిపోయింది. రెండోది చెక్కుచెదరలేదు. ఇక బూడిదకేం కొదవ, మా సైజింగ్ బాయిలర్ వెనక గుట్టలుగా పడి ఉంటుంది.

శుక్రవారం సాంచాలు బంద్ కాబట్టి గల్లీ అంతా దిగింది. గంజి మట్టి ఎత్తిపోసి, ముక్కులకు దస్తీలు కట్టుకుని, అడుగు మట్టిని పొడిచేసి సున్నం, బూడిద కలిపాం. అత్త తన బండి మీద కూర్చుని పైపుతో నీళ్లు చిలకరిస్తూ అందరి మీదా పెత్తనం చేసింది.

"ఆ గంజోన్ని జెర దూరం నిలబెట్టుండ్రి" అని నవ్వించింది.

మర్నాడు నీళ్లు నింపిన డ్రమ్ము దొర్లించి అణిచి, తడి గోనెలు కప్పి వదిలేశాం.

మొదటి పెద్దవాన పొద్దున్నే పట్టుకుంది. బండి నెట్టడానికి గొడుగేసుకుని అత్త ఇంటికి వెళ్లాను. తలుపుకి తాళం, బండి లేదు. ఎక్కడ బోల్తా పడిందోనని కార్ఖానా దాకా ఒకటే పరుగు. నా చెప్పులకు మట్టి అంటలేదన్న సంగతైనా గమనించలేదు.

సాంచాల మోతలో అత్త తన చోట కూర్చుని కండెలు చుడుతోంది. తల తడిసి ఉంది. నన్ను చూసి చేయి ఆపకుండానే అడిగింది.

"వానల నువ్వెందుకొచ్చినవ్‌రా?"

గొడుగు మడిచి, మట్టి అంటని నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఊరికే నవ్వుతూ నిలబడ్డాను.