మెనూలో కనబడని కార్డు

పోయిన ఆదివారం మా తోడల్లుడు శంషాబాద్‌లోని మా ఇంటికి వచ్చి, మా అమ్మాయి కొత్త ప్రింటర్ వైరు ల్యాప్‌టాప్‌కు గుచ్చగానే కాగితం బయటికి రావడం చూసి, మన రోజుల్లో ఇలాంటివాటికి ఎంత అవస్థపడ్డామో అని హాయిగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ అవస్థలో సగం అతను తెచ్చిపెట్టిందే.

విమానాశ్రయం ఇంకా కడుతున్న రోజుల్లో మేమిద్దరం ఇక్కడే కంప్యూటర్ రిపేరు షాపు నడిపాం. ఇద్దరం పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాళ్లమే. కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాము, అదే లైనక్స్ కెర్నల్‌ను, ఎవరికి కావలసినట్టు వాళ్లు కట్టుకునే కాలమది. అందులో ఏ భాగాలుండాలో ఎంచుకునే మెనూలో అక్కర్లేనివి తీసేసి ఎంత చిన్నగా కడితే అంత గొప్ప అనుకోవడం మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. నేను ఒకటి తీసేముందు దానిమీద ఇంకేవేవి ఆధారపడ్డాయో చూసుకునేవాణ్ణి. అతనికి ఆ ఓపిక ఏనాడూ లేదు.

పాల్మాకులలో ఒక అక్క కోడిపిల్లల హేచరీ నడిపేది. గుడ్లు పొదిగే యంత్రంలో వేడి పెరిగితే అలారం మోగేలా, ఆమె పాత కంప్యూటర్‌లో నేనొక కార్డు పెట్టి ఇచ్చాను. ఒక ఎండాకాలం నేను కొత్తూరు ఫ్యాక్టరీలో పనిమీద ఉంటే, ఇతను పొద్దున్నే వెళ్లి ఆ కంప్యూటర్‌కు కొత్త కెర్నల్ కట్టాడు. కార్డులకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచారం నడిచే దారిని బస్ అంటారు కదా, వాటిలో పాతరకం ఐఎస్‌ఏ బస్‌ను ఇంకా ఎవరు వాడతారులే అని తీసేశాడు. నా కార్డు ఉన్నది దానిమీదే. బస్ తీసేస్తే దానిమీది కార్డుల పేర్లు మెనూలో అసలు కనబడవు, ఎందుకు లేవో కూడా అది చెప్పదు. పేరు కనబడకపోయేసరికి, నా కార్డు పాతబడి ఖరాబైందని అక్కకు చెప్పేశాడు.

సంగతి తెలిసి నేను హేచరీకి చేరేసరికి సాయంత్రమైంది. మెనూ చూపించమంటే, "నామీద నమ్మకం లేదా అన్నయ్యా?" అంటూ కీబోర్డు వదల్లేదు. పోనీ ముందు గుడ్లు చూద్దామంటే, తలుపు తీస్తే వేడి పోతుంది, తీయొద్దని అడ్డం పడ్డాడు. అక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఒకలు ఖరాబైందంటరు, ఒకలు మంచిగున్నదంటరు. ఇగ గుడ్లకు ఎవల మాట చెప్పాలె?" అంది.

ఆమె గట్టిగా లేవమంటే గానీ అతను కుర్చీ దిగలేదు. ఐఎస్‌ఏ బస్‌ను తిరిగి పెట్టగానే కార్డు పేరు మెనూలోకి వచ్చింది. కెర్నల్ మళ్లీ కట్టడానికి గంటకు పైనే పట్టింది, అప్పటిదాకా తలుపు మూసే ఉంచాం. కంప్యూటర్ కార్డును గుర్తించిన మరుక్షణం అలారం మోగింది. యంత్రంలో ఫ్యాను ఎప్పుడు ఆగిపోయిందో ఏమో! అక్క పరుగెత్తి తలుపు తీసి, ఒక గుడ్డు చెంపకు ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. ఆ విడత పిల్లలు ఒక్కటీ దక్కలేదు.

"మీ పంచాయితి బయట పెట్టుకోండ్రి," అని మాత్రం అని, మళ్లీ మమ్మల్ని పిలవలేదు. దారిలో కూడా అతను తప్పు కార్డుదే అన్నాడు. ఆ నెలలోనే షాపు విడిపోయింది.

ఇప్పటి సిస్టమ్‌లలో అన్నీ ముందే పెట్టి ఇస్తున్నారు, సుఖమే, కాదనను. కానీ అప్పట్లో ఏదైనా కనబడకపోతే ఒక్కో మెట్టూ పైకి వెతుక్కుంటూ పోతే, ఎవరు ఏ దారి మూశారో తేలేది. ఇప్పుడు పనిచేయని వస్తువును అవతల పారేసి ఇంకోటి తెచ్చుకుంటున్నారు, ఎందుకు పనిచేయలేదని అడిగేవాళ్లు లేరు. నేను కష్టపడి నేర్చుకున్నది ఆ అడగడమొక్కటే. అది ఇక ఎవరికీ అక్కర్లేదు.