తలుపు వెనక ఉండిపోయేవాళ్ళు

1983 వేసవి. జంషెడ్‌పూర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు, అంటే ఇనుప రేకులు కోసి అతికే కార్ఖానా, అణువిద్యుత్ కేంద్రానికి మంటనీ పొగనీ అడ్డుకునే ఫైర్ డోర్లు తయారుచేస్తోంది. సరుకు లారీ ఎక్కేముందు పరీక్షించి సంతకం పెట్టే ఇన్‌స్పెక్టర్ని నేను. ఆ షాపు ఫోర్‌మన్ అప్పలనాయుడిది బారిడీహ్ పేటలో మా పక్క వీధే. చుట్టరికం లేకపోయినా నేను మావయ్యా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. ఇలాంటి ఉద్యోగంలో ఆ పిలుపులే ప్రాణం తీస్తాయి.

నేను వెళ్ళేసరికి ఒక తలుపుని పెళ్ళిచూపుల పిల్లలా ముస్తాబు చేసి నిలబెట్టారు. దాన్ని దాటిపోయి, గోడవార ఉన్నవాటిలో ఒకదానిమీద సుద్దముక్కతో గీత గీసి, చట్రంలో బిగించమన్నాను. సందు కొలవడానికి ఫీలర్ గేజ్ అని సన్నటి ఉక్కు రేకులుంటాయి. వాటితో పనిలేకపోయింది. సందులో నా వేలే దూరింది.

"డ్రాయింగ్‌లో ఇంత సందు లేదు మావయ్యా."

"నానే ఒగ్గించాను," అన్నాడు ధీమాగా. "ఇనుము ఏడెక్కితే ఉబ్బుద్ది. తలుపు బిగుసుకుపోతే లోపలోళ్ళు ఎలా బయటపడతారు? బట్టీల కాడ సూసినోణ్ణి, నాకు తెలీదేటి?"

నాకు చూపించడానికి ఒక్కటి మాత్రం డ్రాయింగ్ ప్రకారం చేయించిన గడుసుతనం తప్ప ఇందులో మోసం లేదు. ఉక్కు పనివాళ్ళకి తలుపంటే పారిపోయే దారి.

"ఇది కంట్రోల్ రూమ్ తలుపు," అన్నాను. "కేబుళ్ళు అంటుకుంటే అందరూ బయటికి పరిగెడతారు. ఆ గదిలోవాళ్ళు మాత్రం అక్కడే ఉండి రియాక్టర్ని ఆపాలి, చల్లబడేదాకా కనిపెట్టుకోవాలి. ఈ సందులోంచి పొగ వస్తే ఉండలేరు."

"పారిపోకూడదా?"

"కూడదు."

"ఆల్లకి పెళ్ళాం బిడ్డలు నేరేటి?"

నేను రిపోర్టు కాగితం బయటికి తీశాను. ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "ఈపాలికి సంతకం ఎట్టెయ్ అల్లుడూ. నేకపోతే నా ఫోర్‌మన్ పని పీకేత్తానన్నాడు యజమాని."

అయినా ఆ విడత తలుపులన్నీ వెనక్కి కొట్టాను. యజమాని అన్నంత పనీ చేశాడు. అప్పలనాయుడు మళ్ళీ మామూలు వెల్డర్ అయ్యాడు. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుని సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడు. నాకు బాధగానే ఉండేది.

తలుపుల అంచులకి పట్టీలు అతికి సందు తగ్గించింది ఆయనే. మళ్ళీ పరీక్ష పెట్టిన రోజు నేను గీత గీసిన తలుపుని ఒక గదికి బిగించారు. ఇవతల నూనెగుడ్డలు కాల్చి పొగ పెట్టబోతుంటే ఆయన ఆ గదిలోకి నడిచాడు.

"ఇదేంటి మావయ్యా?"

"ఎవుడో ఒకడు లోపలుండాల గదా. నానుంటాను. తలుపెయ్యండి."

ఇవతల మేమంతా దగ్గుతూ కళ్ళు తుడుచుకున్నాం. పొగ పోయాక తలుపు తీస్తే ఆయన స్టూలు మీద కూర్చుని తీరిగ్గా ఖైనీ నలుపుతున్నాడు.

"ఇప్పుడెట్టు సంతకం," అన్నాడు.

ఆ తర్వాత ఏ షాపుకి వెళ్ళినా నేను ముందుగా గేజ్ బయటికి తీయలేదు. ఈ తలుపు వెనక ఎవరు ఉండిపోతారో పనివాళ్ళకి చెప్పి, అప్పుడు తీసేవాణ్ణి.